దీపం కోసం వేసిన తీగ

సికింద్రాబాదులోని పాత ఇళ్ల గురించి ఎవరు రాసినా వరండా కమానుల దగ్గర మొదలుపెడతారు. ఎత్తైన కప్పులు, టేకు దూలాలు, రంగు అద్దాల కిటికీలు, గళ్ల నేల, గేటు పక్కన గన్నేరు చెట్టు. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ఇంటి గోడమీద, కప్పుకి జానెడు కిందుగా, సన్నటి చెక్కపట్టీ మీద బారులు తీరి పాకిన వైర్ల గురించి ఎవ్వరూ రాయరు. ఫోటోలు తీసేవాళ్లు కూడా అవి పడకుండా కెమెరా పక్కకి తిప్పుకుంటారు. నన్నడిగితే ఆ ఇంటి అసలు చరిత్ర అక్కడుంది. ఆ ఇంట్లో ముందు ఎవరికి వెలుగొచ్చింది, ఎవరికి గాలొచ్చింది, ఎవరు ఎన్నాళ్లు ఒక్క బల్బు కింద వంట చేశారు, అన్నీ ఆ తీగలు చెబుతాయి. కాస్త తల ఎత్తి చూడాలి, అంతే.

మా అత్తవారిల్లు మారేడుపల్లిలో. మావారి తాతగారు 1930ల్లో కట్టించిన ముందు భాగం, 1950ల్లో వెనక్కి పెంచిన గదులు, 1970ల్లో పైన వేసిన మేడ, ఇలా మూడు విడతల ఇల్లు. ఇటీవల ఒక వేసవిలో మా అత్తగారి గదికి ఏసీ పెట్టించాలనుకున్నాం. బిగించడానికి వచ్చిన కుర్రాళ్లు పెట్టె విప్పకుండానే గోడకేసి చూసి, ముందు ఎవరైనా మంచి ఎలక్ట్రీషియన్ని పిలిపించుకోమని చెప్పి, టీ తాగి వెళ్లిపోయారు. తర్వాత వచ్చిన ఎలక్ట్రీషియన్ అరవై దాటిన మనిషి. మూడు రోజులు ఇల్లంతా నిచ్చెన వేసుకుని తిరిగాడు. నేను కింద నిలబడి టార్చి పట్టుకున్నాను. తవ్వకాల శాఖవాళ్లు ఒక్కో పొర తీసి, ఇది శాతవాహనులది, ఇది ఇక్ష్వాకులది అంటారే, అలా చెప్పుకుంటూ వచ్చాడాయన.

"గిది తాత జమాన వైరమ్మా. ఎన్క అర్రలల్ల ఉన్నది అయ్య జమానది. మీద మేడల ఏసింది ఎమర్జెన్సీ టైముది."

ఏ గదిలో ఏ వైరు ఉందో చూసి ఆ ఇంటి సంవత్సరాలు చెప్పేశాడు. మా మావగారి దస్తావేజులు తీసి చూస్తే పెద్దగా తేడా లేదు.

ఈ పొరల సంగతి అర్థం కావాలంటే అసలు ఈ జంట నగరాలకి కరెంటు దేనికోసం వచ్చిందో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1920లో, హుస్సేన్ సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం పెట్టారు. పూర్తి స్థాయికి వచ్చాక దాని శక్తి 22.5 మెగావాట్లు. మూతపడి, 1990ల్లో దాన్ని కూల్చేసేదాకా టాంక్‌బండ్ మీద షికారు చేసినవాళ్లకి దాని పొగగొట్టాలు గుర్తుండే ఉంటాయి. ఆ రోజుల్లో అది చాలా పెద్ద పవర్ హౌసు. ఇప్పుడో? టన్నున్నర ఏసీ ఒకటి సుమారు 1500 వాట్లు లాగుతుంది. లెక్క వేసుకోండి, 15 వేల ఏసీలు ఒక్కసారి ఆన్ చేస్తే ఆ పవర్ హౌసు మొత్తం సరి! వీధి దీపానికి కూడా మిగలదు. 2024 మే నెలలో ఒక్క గ్రేటర్ హైదరాబాదే 4 వేల మెగావాట్లు దాటి వాడింది.

అంటే మన ముత్తవ్వలూ తాతమ్మలూ కరెంటు లేకుండా బతికారని కాదు. వాళ్లకి కరెంటు అంటే దీపం. సాయంత్రం లాంతరు చిమ్నీ ముగ్గుతో తుడిచి, వత్తి కత్తిరించి, కిరసనాయిలు పోసే పని తప్పిందంటే అదే మహాభాగ్యం. దీపం తర్వాత పంకా. అంతకు మించి ఇంట్లో కరెంటుతో చేసే పనేముంది? నీళ్లు కాగు కింద కట్టెలు పెట్టి కాచేవారు. పిండి రుబ్బురోట్లో రుబ్బేవారు. ఇస్త్రీ బొగ్గుల పెట్టెతో చాకలి చేసేవాడు. అందుకని గోడకి వేసిన తీగ కూడా దీపాన్ని లెక్కపెట్టుకునే వేశారు.

ఆ లెక్క ఎంతో చూడండి. ఓ పది అరవై క్యాండిల్ బల్బులు (వాట్లని అప్పుడు అందరూ క్యాండిల్ అనేవారు), మూడు ఫ్యాన్లు. మొత్తం 825 వాట్లు. 230 వోల్టుల దగ్గర మూడున్నర యాంపియర్లు, చిల్లర. అన్నీ ఒక్కసారి వేస్తే సంగతి అది. అలా వేస్తే తాతగారు ఊరుకునేవారు కాదట!

ఇక మొదటి పొర. ముందు గదుల్లో గోడమీద ఉన్నది ఒట్టి పట్టీ కాదు, టేకు పెట్టె. వేలెడు వెడల్పున్న చెక్కలో రెండు గాళ్లు, ఒక్కో గాడిలో ఒక్కో తీగ, పైన సన్నటి చెక్కమూత స్క్రూలతో బిగించి ఉంటుంది. దీన్ని కేసింగ్, కేపింగ్ అంటారు. ఎక్కడా మేకు కనబడకుండా, మూలల్లో నలభై ఐదు డిగ్రీల కోతతో, పందిరి మంచం చేసిన వడ్రంగే దీన్నీ చేశాడా అన్నట్టుంది. లోపల తీగ రాగిదే, దానిమీద తగరపు పూత. ఎందుకంటే అప్పట్లో తీగకి తొడుగు రబ్బరు. రబ్బరు గట్టిపడటానికి గంధకం కలుపుతారు, గంధకం రాగిని తింటుంది. అది తినకుండా మధ్యలో తగరం. రబ్బరు మీద మళ్లీ నూలు అల్లిక, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. పెళ్లికూతురి జడకుప్పెల తాడంత ముచ్చటగా ఉంటుంది చూడటానికి.

ముట్టుకునేదాకా మాత్రమే. ఎలక్ట్రీషియన్ మూత తీసి వేలితో కదిపితే నూలు కింద రబ్బరు ఎండిపోయిన గోరింటాకులా పొడిపొడిగా రాలింది. రాగి మాత్రం నిగనిగలాడుతూనే ఉంది. తీగ సన్నబడలేదు, పాడవలేదు. దాని ఒంటిమీద బట్ట చిరిగిపోయింది. ఎనభై ఏళ్ల ఎండలకి, కప్పు వేడికి రబ్బరు బతకదు. కదపకుండా ఉన్నంతకాలం ఆ పొడి కూడా అక్కడే నిలబడి కాపాడుతూ వస్తుంది. కొత్త స్విచ్చి పెడదామని ఎవరో ఒకరు తీగ కొస పట్టి వంచారా, అక్కడితో సరి.

రెండో పొర 1950లది. అప్పటికి గాళ్ల చెక్కలు చేయించే ఓపిక, డబ్బు తగ్గాయి. ఒట్టి టేకు పట్టీ గోడకి బిగించి, దానిమీద గట్టి రబ్బరు తొడుగున్న తీగలు పరిచి, ప్రతి నాలుగేళ్ల దూరానికీ చిన్న రేకు క్లిప్పుతో నొక్కిపెట్టేవారు. బ్యాటెన్ వైరింగ్ అంటే ఇదే. మన తరంలో నూటికి తొంభై మంది చిన్నప్పుడు పడుకుని చూసింది ఈ పట్టీలనే. బల్లి దానివెనక దాక్కునేది, పిచ్చుక దానిమీద గడ్డి పేర్చేది. గుండ్రటి చెక్క దిమ్మ, దానిమీద నల్లటి స్విచ్చి, టక్కుమని శబ్దం. కప్పునుంచి ఫ్యానుకి తీగ దిగేచోట తెల్ల పింగాణీ బిళ్ల. దాన్ని సీలింగ్ రోజ్ అంటారని తెలిసినప్పుడు నాకు భలే నవ్వొచ్చింది. గులాబీ కాదుగానీ మొగలిపువ్వంత ప్రమాదం ఉంది అందులో. బిగువు వదిలితే నిప్పురవ్వలు.

ఈ తీగల మందం మాట్లాడే భాష కూడా ప్రత్యేకమే. ఒకటి బై పద్దెనిమిది, మూడు బై ఇరవై, ఏడు బై ఇరవై. ఇప్పటికీ మన ఎలక్ట్రీషియన్ల నోట ఇదే వింటాం. మొదటి అంకె పోగుల లెక్క, రెండోది పోగు నంబరు. బ్రిటిషువాళ్ల తీగల కొలతలో నంబరు పెరిగిన కొద్దీ పోగు సన్నమవుతుంది. నూలు కౌంటు తెలిసిన మన చేనేతవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. ఒకటి బై పద్దెనిమిది అంటే 18వ నంబరు పోగు ఒక్కటే, ఇప్పటి కొలతలో దాదాపు 1.2 చదరపు మిల్లీమీటర్లు. దీపానికి, పంకాకి చక్కగా సరిపోతుంది. మా వెనక గదులన్నింట్లో ఉన్నది అదే.

ఇక్కడే నేను అసలు చెప్పదలచుకున్న మాట. ఆ వెనక గదుల్లో ఒకటి వంటిల్లు. ముందు హాల్లో నాలుగు దీపాలు, రెండు ఫ్యాన్లు, రేడియోకి ప్రత్యేకంగా ఒక ప్లగ్గు. తాతగారి ఆఫీసు గదిలో బల్లదీపానికి ఒక ప్లగ్గు. పూజ గదికి ఒక చిన్న దీపం. వంటింటికి నట్టనడుమ ఒక హోల్డరు. అంతే. ప్లగ్గు లేదు. ఫ్యాను లేదు. ఇంట్లో అందరికంటే ముందు లేచి, అందరికంటే ఆఖరున దీపం ఆర్పే మనిషి గదికి ఇచ్చింది ఆ ఒక్క పాయింటు. అదికూడా స్విచ్చి వంటింట్లో లేదు, బయట నడవాలో ఉంది! ఎవరు ఎందుకు పెట్టారో తెలీదుగానీ, అందరూ పడుకున్నాక వంటిల్లు సర్దుకునే కోడలికి నడవాలోంచి ఎవరో దీపం తీసేయడం మామూలేనట. మా అత్తగారు 1974లో ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు కూడా అదే ఏర్పాటు. మా ఇల్లొక్కటే అనుకుంటున్నారేమో. ఆ కాలపు ఇల్లు మీ చుట్టపక్కాల్లో ఎవరిదైనా ఉంటే వెళ్లి వంటింటి గోడలు చూడండి.

ఆ తర్వాత వంటింటి మీదికి యంత్రాలు దండెత్తి వచ్చాయి. కోయంబత్తూరులో 1955లో సభాపతి అనే ఆయన గ్రైండరు చేశాడు. బొంబాయిలో 1960ల్లో సుమీత్ మిక్సీ పుట్టి, 70ల్లో మన ఇళ్లల్లోకి వచ్చింది. మన కందిపొడికీ కొబ్బరి పచ్చడికీ విదేశీ యంత్రాలు ఆగలేక కాలిపోతుంటే, మన వంట తట్టుకునే మోటారు పెట్టి చేసిన మిక్సీ అది. దానికి ఐదారు వందల వాట్లు కావాలి. ఫ్రిజ్ వచ్చింది. ఇస్త్రీపెట్టె కరెంటుది అయింది. నీళ్లకి హీటరు కడ్డీ, ఆ తర్వాత గీజరు. ఆడదాని చెయ్యి నొప్పి తగ్గించడానికి వచ్చిన వస్తువులే అన్నీ, నేను కాదనను. రుబ్బురోలు నాకు తెలుసు, దాని మీద నాకే మమకారమూ లేదు. అయితే ఆ యంత్రాలన్నీ ఏ తీగని పట్టుకుని వేలాడాయి? వంటింట్లో ఉన్న ఆ ఒక్క దీపం తీగనే. బల్బు హోల్డరులో దూర్చి పక్కనుంచి కరెంటు లాగే నల్ల అడాప్టరు మీకు గుర్తుండే ఉంటుంది. ఒక వైపు బల్బు, ఒక వైపు మిక్సీ. మిక్సీ వేయగానే బల్బు నీరసించేది. "వోల్టేజి లేదే" అనుకునేవాళ్లం. వోల్టేజి వీధిలో ఉండేది. ఇంట్లో సన్నతీగ మధ్యదారిలో తినేసేది.

మూడో పొర, మేడమీదిది, మరో కథ. అక్కడ తీగలు గొట్టాల్లో గోడ లోపల ఉన్నాయి. తొడుగు ప్లాస్టిక్, ఇప్పటికీ మెత్తగానే ఉంది. కానీ లోపల రాగి లేదు, అల్యూమినియం. 1960ల్లో విదేశీ మారకం కరువుగా ఉన్న రోజుల్లో రాగి చాలావరకు దిగుమతి చేసుకోవలసిన లోహం. అల్యూమినియానికి కావలసిన బాక్సైటు మన నేలలోనే ఉంది. అందుకని వైర్లకి అల్యూమినియం వాడమని ప్రభుత్వమే ప్రోత్సహించింది. దేశం కోసం అది తప్పేమీ కాదు. అదే సమయంలో, 1965 నుంచి 70ల మొదటి సంవత్సరాల దాకా, రాగి ధర పెరిగిందని అమెరికావాళ్లు కూడా లక్షల ఇళ్లకి అల్యూమినియమే వేసుకున్నారు. డబ్బున్న దేశం, లేని దేశం ఒకే గొట్టంలో దూరిన సందర్భం ఇది.

అల్యూమినియంతో చిక్కు రెండు రకాలు. కరెంటుని పారనివ్వడంలో రాగి వంద అనుకుంటే అంతే లావు అల్యూమినియం అరవై చిల్లరే. పైగా మెత్తటి లోహం, వేడికి ఎక్కువ సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. స్క్రూ కింద అలా సాగి ముడిచి, సాగి ముడిచి, బిగువు వదిలేస్తుంది. పైన కరెంటు సరిగా పారనివ్వని తుప్పు పొర కూడా పడుతుంది. వదులైన చోట వేడి, వేడికి ఇంకా వదులు. అమెరికాలో వినియోగదారుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ 70ల్లో సర్వే చేయించి, 1972కి ముందు తయారైన అల్యూమినియం తీగ వేసిన ఇళ్లలో ప్లగ్గుల దగ్గర జాయింట్లు నిప్పంటుకునే స్థితికి చేరే అవకాశం రాగి తీగ ఇళ్లకంటే 55 రెట్లు ఎక్కువని తేల్చింది. మా మేడమీద స్విచ్చి బోర్డులు రెండు విప్పితే లోపల పసుపు తిరిగి, అంచులు కమిలి ఉన్నాయి. ఆ గదిలో ఏళ్ల తరబడి అప్పుడప్పుడూ ఎండుచేపల్లాంటి వాసన వచ్చేదని, మేం శాకాహారులం గదా ఎక్కడినుంచి అని కిటికీలు మూసుకునేవాళ్లమని మా అత్తగారు చెప్పారు. స్విచ్చిల ప్లాస్టిక్ కమిలితే అదే వాసన అట. మీ ఇంట్లో ఎప్పుడైనా వస్తే పక్కింటివాళ్లని తిట్టుకోకండి, ముందు మెయిన్ ఆపండి.

కాస్త లెక్కల సంగతి చెప్పక తప్పదు. నేను ఆర్ట్స్ చదివినదాన్ని, ఓం అంటే ముందు ప్రణవమే గుర్తొస్తుంది. అయినా ఇది కష్టమైన లెక్క కాదు. 1841లో ఇంగ్లండులో జేమ్స్ జూల్ అనే ఆయన, తీగలో కరెంటు రెట్టింపయితే పుట్టే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుందని ప్రకటించాడు. కరెంటు నాలుగు రెట్లయితే వేడి పదహారు రెట్లు. మా తాతగారి ఇల్లు మొత్తం కలిపి మూడున్నర యాంపియర్లు. ఇప్పుడు ఒక్క గీజరే 9, ఏసీ 7, ఇండక్షన్ పొయ్యి మరో 9. ఆ తీగ మీద పడుతున్నది ఎన్నింతలో మీరే వేసుకోండి.

పూర్వం దీనికి ఒక కాపలావాడు ఉండేవాడు. మెయిన్ బోర్డు మీద తెల్ల పింగాణీ దిమ్మల్లో కిట్‌క్యాట్ ఫ్యూజు, అందులో వెంట్రుకంత తీగ. బరువు ఎక్కువైతే గోడలో తీగ కాలేముందు అది కాలిపోయేది. దాని పుట్టుకే చావడానికి. కానీ మన ఇళ్లల్లో ఏం చేసేవారు? ఇస్త్రీపెట్టె పెట్టగానే ఫ్యూజు పోయేది. మామయ్యో బాబాయో స్టూలెక్కి, రెండుసార్లు సరైన తీగే కట్టేవారు. మూడోసారి విసుగొచ్చి ఏ రాగితీగో నాలుగు పేటలు మెలేసి కట్టేసి, "ఇక జన్మలో పోదు" అని చేతులు దులుపుకునేవారు. నిజంగానే పోయేది కాదు. ఇంట్లో ఆడవాళ్లం కాఫీ ఇచ్చి మెచ్చుకునేవాళ్లం కూడా.

ఇప్పుడు ఫ్యూజులు పోయి ఎంసీబీలు వచ్చాయి. జర్మనీలో 1924లోనే హ్యూగో స్టోట్జ్ దీన్ని కనిపెట్టినా, మన మామూలు ఇళ్లలోకి రావడానికి ఆరేడు దశాబ్దాలు పట్టింది. తీగ కట్టక్కర్లేదు, టిక్కుమని పడిపోతుంది, మళ్లీ పైకి నొక్కితే చాలు. మంచిదే. కానీ మామయ్య బుద్ధి మాత్రం పోలేదు. పదహారు యాంపియర్లది మాటిమాటికీ పడిపోతోందని ముప్పై రెండుది పెట్టేస్తున్నారు. చూడ్డానికి తెల్లగా, కొత్తగా, సురక్షితంగా కనబడుతుంది. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఆ ఎంసీబీ ఏసీని కాపాడటానికో ఫ్రిజ్‌ని కాపాడటానికో పెట్టింది కాదు. గోడలో ఉన్న తీగని కాపాడటానికి పెట్టింది. పది పన్నెండు యాంపియర్ల తీగకి ముప్పై రెండు యాంపియర్ల కాపలా పెడితే, తీగ ఎర్రగా కాగుతున్నా వాడు పడుకునే ఉంటాడు.

పాత ఇంటికి కరెంటు బాగుచేయించడం అంటే మనవాళ్లు చేసేది కూడా సరిగ్గా ఇదే. లోడు పెంచమని దరఖాస్తు పెడతారు. స్తంభం నుంచి లావు తీగ వస్తుంది, కొత్త మీటరు వస్తుంది, అందమైన ఎంసీబీల పెట్టె వస్తుంది, స్విచ్చిలన్నీ తెల్లవి వేయిస్తారు. ఇంటావిడ మురిసిపోతుంది. ఆ తెల్ల బోర్డు వెనకనుంచి మాత్రం తాతగారి దీపం తీగే. గుమ్మం దాకా నేషనల్ హైవే, గుమ్మం దాటితే పొలం గట్టు. ఇంకో తమాషా, మూడు చిల్లుల ప్లగ్గు. కింద రెండింటికీ తీగలుంటాయి, పై పెద్ద చిల్లు ఎర్తుకి. బ్యాటెన్ పట్టీ మీద ఉన్నవి రెండే తీగలు, ఎర్తు అసలు లేదు. అయినా మూడు చిల్లుల ప్లగ్గు బిగించేస్తారు. పైది ఉత్సవ విగ్రహం. వాషింగ్ మిషను ముట్టుకుంటే చిమచిమలాడిందంటే తడి చేతుల వల్ల అనుకుంటాం.

అన్నట్టు ఆ గుండ్రటి పిన్నుల ప్లగ్గు, చిన్నదీ పెద్దదీ, బ్రిటన్ 1934లో స్థిరపరిచిన నమూనా. అక్కడ 1947లో చదరపు పిన్నులకి మారిపోయారు. మనం మాత్రం ఆ గుండ్రటివే పట్టుకుని, ఒకదాన్ని లైటు పాయింటు అనీ ఇంకోదాన్ని పవర్ పాయింటు అనీ పిలుచుకుంటున్నాం. ఈ పేర్లలోనే పాత కాలం దాగుంది. లైటు వేరు, పవర్ వేరు. లైటు తీగకి పవర్ పని చెప్పకూడదని ఆ పేరు పెట్టినవాళ్లకి తెలుసు.

ఇదంతా పుస్తకాల్లో భయమని తీసిపారేయడానికి లేదు. 1878 నాటి మన సికింద్రాబాద్ క్లబ్బు ప్రధాన భవనం 2022 జనవరి 16 తెల్లవారుజామున, సంక్రాంతి సెలవుల్లో, కాలిపోయింది. ప్రాణనష్టం జరగలేదు. షార్ట్ సర్క్యూట్ అయి ఉండవచ్చన్నారు. 2025 మే 18న, ఆదివారం ఉదయం, చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో దుకాణాల పైనున్న పాత ఇంట్లో ఒకే కుటుంబంవాళ్లు, బంధువులు 17 మంది పోయారు. అందులో ఎనిమిది మంది పిల్లలు. అక్కడా షార్ట్ సర్క్యూటే అన్నారు. దిగడానికి ఉన్నది ఒక్క ఇరుకు దారి. వీటికి సన్నతీగే కారణమని నేననను, అది తేల్చవలసినవాళ్లు వేరే ఉన్నారు. ఆ పిల్లల వార్త చదివిన రోజు రాత్రి మాత్రం మా అత్తగారి గదిలో ఆ చెక్కపట్టీ వంక చూడకుండా ఉండలేకపోయాను.

మరి ఏం చేయాలి? అందరూ అడిగేది, గోడలన్నీ పగలగొట్టాలా అని. పాత గొట్టాలు సన్నవి, అందులోంచి కొత్త లావు తీగలు దూరవు, కాబట్టి ఆ భయం సహజమే. మా ఎలక్ట్రీషియన్ చెప్పింది నాకు నచ్చింది.

"పాత వైరుకు పాత పనే చెప్పుండ్రమ్మా. రబ్బరు రాలిపోయింది మాత్రం తీసెయ్యాలె, దానికి మందు లేదు. మంచిగున్నది ఉంటె లైట్లకు, ఫ్యాన్లకు ఉంచి దానికి చిన్న ఎంసీబీ పెడత. ఏసీకి, గీజరుకు, కిచెన్‌కు మెయిన్‌కెళ్లి కొత్త లైన్లు గుంజుత."

అలాగే చేశాడు. ముందు భాగం, వెనక గదులు పూర్తిగా మార్చాల్సి వచ్చింది. మేడమీద అల్యూమినియం ఒక్క అంగుళం కూడా ఉంచనన్నాడు, ఉంచమని మేమూ అడగలేదు. దీపాలకి ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి, ప్లగ్గులకి రెండున్నర, ఏసీకీ గీజరుకీ నాలుగేసి, ఒక్కోదానికి దాని లైను, దాని ఎంసీబీ. ప్రతిదానితోనూ ఆకుపచ్చ ఎర్తు తీగ. మనిషికి షాకు తగిలితే క్షణంలో ఆపేసే 30 మిల్లీయాంపియర్ల రక్షణ పెట్టె ఒకటి మెయిన్లో. పెరట్లో గుంట తవ్వి ఉప్పు, బొగ్గు పోసి ఎర్తు దించాడు. ఆ ఉప్పు మూట చూసి పనిమనిషి దిష్టి తీయిస్తున్నామనుకుంది. గోడ చెక్కడానికి వీల్లేని ముందు గదుల్లో కొత్త తీగల్ని మూతపెట్టిన తెల్ల ప్లాస్టిక్ పట్టీల్లో తీసుకెళ్లాడు. దీన్నేమంటారని అడిగితే, కేసింగ్ కేపింగ్ అన్నాడు. తాతగారి టేకు పెట్టె తిరిగి తిరిగి ప్లాస్టిక్ అవతారంలో వచ్చిందన్నమాట!

తీసిన పాత రాగి తూకానికి వేస్తే, తగరం పూత ఉందని పాత సామాన్లవాడు కాసేపు బేరమాడి తీసుకెళ్లాడు. టేకు పట్టీలు మాత్రం మా అత్తగారు ఇవ్వలేదు.

చివరి రోజు వంటింట్లో ప్లగ్గులు ఎక్కడెక్కడ రావాలో సుద్దముక్కతో గోడమీద గుర్తులు పెట్టించారు. మిక్సీకి, గ్రైండరుకి, ఫ్రిజ్‌కి, ఇండక్షన్ పొయ్యికి, నీళ్ల ఫిల్టరుకి, ఒక ఫ్యానుకి, పొయ్యి మీద ఒక దీపం, సింకు మీద ఒక దీపం. మా అత్తగారు ముక్కాలిపీట మీద కూర్చుని వేళ్లు మడిచి లెక్కపెట్టారు.

"ఎనిమిదయ్యాయి. హాల్లో ఎన్ని?" అని అడిగారు.

"ఆరమ్మా," అన్నాడాయన.

ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. కాసేపుండి, "ఆ స్విచ్చి మటుకు నడవాలోంచి తీసి లోపల పెట్టు నాయనా," అన్నారు.